గొంతు తగ్గింది, గోడ మందమెక్కింది

హరికథ చెప్పేవాడికి గదితో పనిలేదు. గుడి ముందు పందిరి, పెట్రోమాక్స్ దీపం, చాపల మీద ఊరి జనం ఉంటే చాలు. వెనక వరసలో స్తంభానికి ఆనుకున్న ముసలమ్మకు కూడా పద్యం చివరి అక్షరం స్పష్టంగా వినబడాలి. మధ్యలో కుక్క మొరిగినా, పసిబిడ్డ గుక్కపట్టినా కథ ఆగదు. భాగవతారు గొంతు ఓ మెట్టు పైకి లేస్తుంది, అంతే. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఆత్మకూరు, ఉదయగిరి, అనుమసముద్రంపేట చుట్టుపక్కల పాత తరాలు పాటను విన్నది ఇలాగే. వీధినాటకం, బుర్రకథ, భజన, దర్గా దగ్గర ఖవ్వాలీ, అన్నీ ఆరుబయటి విద్యలు. నెల్లూరులో హరికథలు చెప్పి పేరు తెచ్చుకున్న ఎస్.పి. సాంబమూర్తి ఆ కోవలోని మనిషి. ఆయన కొడుకు బాలసుబ్రహ్మణ్యం మాత్రం తన పాటల్లో అత్యధిక భాగం తలుపులు బిగించిన గదుల్లో, బయటి గాలి చప్పుడు కూడా చొరబడని చోట పాడాడు.

ఒకే ఇంట్లో, ఒకే తరం తేడాలో వచ్చిన ఈ మార్పు వెనక పెద్ద చరిత్రే ఉంది. తెలుగు పాట ఎంత మెత్తబడుతూ వచ్చిందో, దాన్ని పట్టుకునే గది గోడలు అంత మందమెక్కుతూ వచ్చాయి. ఒకప్పుడు ఆ గది బొంబాయిలో ఉండేది. తర్వాత మద్రాసుకు వచ్చింది. ఆపైన హైదరాబాదుకు. ఇప్పుడు ల్యాప్‌టాప్, ఓ మైకు, ఓ ఆడియో ఇంటర్‌ఫేస్ ఉన్న కుర్రాడి పడకగదిలోకి వచ్చేసింది. యంత్రాలు చిన్నవయ్యాయి, చవకయ్యాయి. నిశ్శబ్దం మాత్రం చవక కాలేదు.

గ్రామఫోను తొలి రోజుల్లో ఈ చిక్కు లేదు. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటను రికార్డు చేసినప్పుడు స్టూడియో అంటూ ఏదీ లేదు, హోటల్ గదే స్టూడియో అయింది. అప్పటి పద్ధతిలో కరెంటు ప్రమేయం లేదు. పాడేవాళ్ళు పెద్ద బాకా నోట్లోకి తలపెట్టినట్టు నిలబడి పాడాలి. ఆ గాలి ఊపే బాకా చివర పొరను కదిలించాలి, పొర ముల్లును కదిలించాలి, ముల్లు మైనం పలక మీద గీత గీయాలి. ఆ యంత్రానికి వినికిడి తక్కువ. సుమారు 250 నుంచి 2500 హెర్ట్జ్ దాకా ఉన్న స్వరాలే దానికి అందేవి, అవీ గట్టిగా కొడితేనే. వీధిలో జట్కా బండి పోయినా, మెట్ల మీద ఎవరో మాట్లాడుకున్నా రికార్డులో పడేది కాదు. అందుకే గోడల గురించి పట్టించుకోవలసిన అవసరం లేకపోయింది. పైగా నున్నటి గట్టి గోడలుంటే గొంతు వెనక్కి కొట్టి కాస్త బలం చేకూరేది.

ఆ బాకాకు సరిగ్గా సరిపోయే గొంతులు ఆంధ్రదేశంలో దండిగా ఉండేవి. మైకు లేని రోజుల్లో వేలమంది ముందు పద్యం చదివి రాగం తీసిన రంగస్థల నటులవి. పద్యనాటకాల రికార్డులు తెలుగునాట ఇంటింటా అంత ఆదరణ పొందడానికి కథలు, రాగాలు ఎంత కారణమో, ఆ గొంతుల జోరు కూడా అంతే కారణం అనిపిస్తుంది. యంత్రం అడిగింది బలం. మన నటుల దగ్గర ఉన్నదీ అదే.

1925లో విద్యుత్ మైకు వచ్చింది. అప్పటినుంచి లెక్క తారుమారైంది. మైకు గుసగుసనూ వింటుంది, గుసగుసతో పాటు కిటికీ అవతలి కాకినీ వింటుంది. ఎంపిక చేసుకోవడం దానికి చేతకాదు.

గది శబ్దాన్ని ఏం చేస్తుందో లెక్కగట్టే పని అప్పటికే అమెరికాలో జరిగింది. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాల ఎందుకూ పనికిరాకుండా పోయింది. అక్కడ మాట్లాడితే ఒక్కో మాట ఐదున్నర సెకన్లపాటు గదిలో తిరుగుతూ తర్వాతి మాటల మీద పడేది. ముప్ఫై ఏళ్ళు నిండని భౌతికశాస్త్ర అధ్యాపకుడు వాలెస్ సబైన్‌కు ఆ గదిని బాగుచేసే పని అప్పగించారు. ఆయన దగ్గరున్న పరికరాలు ఓ ఆర్గన్ గొట్టం, గడియారం, సొంత చెవులు. ఊళ్ళో ట్రాములు ఆగిపోయి సందడి అణిగాక, అర్ధరాత్రి దాటాక కొలతలు మొదలుపెట్టేవాడు. పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి, కొన్నికొన్నిగా గదిలో పరుస్తూ, గొట్టం ఊది ఆపి, శబ్దం పూర్తిగా చచ్చేదాకా ఎన్ని క్షణాలు పడుతుందో చూసేవాడు. తెల్లవారేలోగా మెత్తలన్నీ మళ్ళీ థియేటర్‌కు చేరాలి.

1898 నాటికి ఆయన చేతికి చిక్కిన సూత్రం చాలా తేలికైనది. గది ఎంత పెద్దదైతే ప్రతిధ్వని అంత సేపు ఉంటుంది, గదిలో శబ్దాన్ని పీల్చే వస్తువులు ఎంత ఎక్కువైతే అంత త్వరగా చస్తుంది. పీల్చే శక్తికి ఆయన పెట్టుకున్న కొలమానం ఎవరికైనా అర్థమయ్యేది: తెరిచిన కిటికీ. కిటికీలోంచి బయటికి పోయిన శబ్దం తిరిగి రాదు కాబట్టి దాన్ని నూటికి నూరు పాళ్ళు పీల్చినట్టే లెక్క. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలు ఈ లెక్కల మీద కట్టినదే. ఈనాడు ఆత్మకూరులో ఎవరైనా తన పడకగదిని పాటలగదిగా మార్చుకోవాలన్నా మొదట వేసుకోవలసినది ఈ లెక్కే.

తెలుగు సినిమాకు మాట వచ్చినప్పుడు ఆ మాట పుట్టిన చోటు బొంబాయి. హెచ్.ఎం. రెడ్డి తీసిన 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. సురభి కమలాబాయి లాంటి నాటకాల వాళ్ళే అందులో నటులు, వాళ్ళే గాయకులు. కెమెరా ముందు నటిస్తూనే పాడాలి. వాద్యగాళ్ళు కెమెరా కంటికి కనబడకుండా పక్కన నక్కి వాయించాలి. రెండేళ్ళకు, 1934లో, ఎ. నారాయణన్ మద్రాసులో శ్రీనివాసా సినీటోన్ పెట్టి దక్షిణాదికి మొదటి టాకీ స్టూడియో తెచ్చాడు. అక్కడ శబ్దగ్రహణం నేర్చి నడిపింది ఆయన భార్య మీనాక్షీ నారాయణన్. దేశంలో ఆ పని చేసిన తొలి మహిళగా ఆమెను చెప్పుకుంటారు. ఇంటి గడప దాటి వచ్చిన స్త్రీని జనం వింతగా చూసే రోజుల్లో, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని నటుల గొంతులను తూకం వేసిన మనిషి పేరు ఈనాటి సౌండ్ ఇంజనీర్లలో ఎందరికి తెలుసు? తెలియవలసిన పేరు అది.

ఆ తొలినాటి స్టూడియోలు పగటి వెలుతురు మీద ఆధారపడ్డవి. వెలుతురు రావాలంటే కప్పు ఉండకూడదు. కప్పు లేకపోతే మద్రాసు కాకులన్నీ సంభాషణలో పాలుపంచుకునేవి. షూటింగు ఆపి కాకుల్ని తోలించిన కథలు ఆ తరం వాళ్ళు బోలెడు చెప్పారు. ఆర్క్ దీపాలు వచ్చి, షూటింగు నాలుగు గోడల మధ్యకు చేరాకే కాకుల పీడ వదిలింది. ఆలోగా 1935లో కలకత్తా న్యూ థియేటర్స్ వాళ్ళు 'భాగ్యచక్ర' సినిమాలో పాటను ముందే విడిగా రికార్డు చేసి, నటుల చేత పెదవులు కదిలించే పద్ధతి తెచ్చారు. అది మన దగ్గరికీ పాకి 1940లలో స్థిరపడింది. పాట నటన నుంచి విడిపోయింది. ఇక పాటకు తనదంటూ ఓ గది కావలసివచ్చింది.

ఆ గదులు మద్రాసులో వడపళని, కోడంబాకం చుట్టూ వెలిశాయి. 1948లో బి.ఎన్. రెడ్డి, మూలా నారాయణస్వామి కట్టిన వాహినీ స్టూడియో తెరుచుకుంది. అదే ఏడు ఎ.వి. మెయ్యప్పన్ కారైకుడి నుంచి తన ఎ.వి.ఎం.ను వడపళనికి తరలించాడు. మెయ్యప్పన్ అసలు సరస్వతీ స్టోర్స్ పేరున గ్రామఫోను రికార్డుల వ్యాపారం చేసి పైకి వచ్చినవాడు. పాటల గది విలువ ఆయనకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. 1953 అక్టోబరు ఒకటి దాకా నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో భాగమే. రాష్ట్రం విడిపోయాక కూడా నెల్లూరు వాళ్ళకు పట్నం అంటే మద్రాసే, రైలెక్కితే కొద్ది గంటల దూరం. ఆచార్య ఆత్రేయ, పి. పుల్లయ్య, రమణారెడ్డి, సింగీతం శ్రీనివాసరావు, బాలసుబ్రహ్మణ్యం, ఇలా ఈ జిల్లా వాళ్ళు ఆ స్టూడియోల్లో అంతమంది కనబడటానికి ఆ రైలు కూడా ఓ కారణం. వీళ్ళలో సింగీతం 1987లో 'పుష్పక విమానం' తీసి, ఒక్క సంభాషణ లేకుండా రెండు గంటలు ప్రేక్షకుణ్ణి కూర్చోబెట్టాడు. మాట లేని సినిమాలో ప్రతి చిన్న చప్పుడూ మాటంత బరువు మోస్తుంది. తలుపు గడియ, గోడ అవతలి మనిషి కదలిక, అన్నీ విడివిడిగా, శుభ్రంగా పట్టుకోవాలి. చప్పుడు లేని గది ఉన్నవాడే అలాంటి సాహసం చేయగలడు.

సినిమా కంటే ముందు ఈ విద్యను క్రమపద్ధతిలో అమలుచేసింది రేడియో. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయ్యాయి. ఆకాశవాణి స్టూడియోలోకి వెళ్ళినవాళ్ళకు మొదట తగిలేది తలుపు. బరువైన తలుపు తోస్తే ఇరుకైన చిన్న అర, దాని అవతల మళ్ళీ అంతే బరువైన తలుపు. రెండూ ఒకేసారి తెరవకూడదు. మొదటిది మూసుకున్నాకే రెండోది. ఆ అరలో నిలబడ్డ క్షణంలో చెవుల మీద ఏదో నొక్కినట్టు ఉంటుంది. లోపల గోడలకు చిన్నచిన్న రంధ్రాలున్న పలకలు, వాటి వెనక గ్లాస్‌వూల్. పలకకూ గోడకూ మధ్య ఖాళీ. కంట్రోల్ రూముకు, స్టూడియోకు మధ్య కిటికీలో రెండు అద్దాలు, ఒకదానికొకటి సమాంతరంగా ఉండకుండా ఒకటి కాస్త వాల్చి ఉంటుంది. రెండూ నిటారుగా ఎదురెదురుగా నిలబడితే శబ్దం వాటి మధ్య బంతాటలా తిరుగుతూ ఒకే స్వరాన్ని పెంచుతుంది. వాల్చిన అద్దం ఆ ఆటను చెడగొడుతుంది.

ఆ గదిలోనే లలిత సంగీతం రూపుకట్టింది. సాలూరి రాజేశ్వరరావు, బాలాంత్రపు రజనీకాంతరావు లాంటివాళ్ళు మలిచిన ఆ పాటలు పందిట్లో పాడేవి కావు. మైకుకు జానెడు దూరంలో, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడుతున్నట్టు పాడేవి. సినిమా ఆ మెత్తదనాన్ని అందిపుచ్చుకుంది. 1955లో 'మిస్సమ్మ'లో చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన ఎ.ఎం. రాజా గొంతు వింటే తేడా తెలుస్తుంది. రంగస్థల నటుడు వెయ్యిమందికి వినిపించాలని పాడితే, రాజా ఒక్కరికి వినిపించాలని పాడాడు. అంత సన్నటి గొంతు వెనక ఫ్యాన్ తిరిగే చప్పుడు కూడా రాయిలా తగులుతుంది. అందుకే రికార్డింగు జరిగేటప్పుడు ఫ్యాన్లు ఆపేవారు. ఉక్కపోతలో చెమటలు కక్కుతూ వాద్యగాళ్ళందరూ ఒకేసారి వాయించేవారు. ఎవరో ఒకరు తప్పితే మళ్ళీ మొదటినుంచి.

1966 డిసెంబరు 15న మద్రాసు విజయా గార్డెన్స్‌లో జరిగిన ఓ రికార్డింగు ఈ చరిత్రనంతా ఒక్కచోట పోగేసినట్టు ఉంటుంది. సినిమా 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న', సంగీతం ఎస్.పి. కోదండపాణి. ఆ పాటలో నాలుగు గొంతులు. ఈలపాట రఘురామయ్య నాటకరంగం నుంచి వచ్చినవాడు, గాలిలోకి ఈల విసిరితే ఆఖరి బెంచీ అదిరేది. పి.బి. శ్రీనివాస్ మైకు కోసమే పుట్టినంత మెత్తని గొంతు. పి. సుశీల. నాలుగో మనిషి ఇరవై ఏళ్ళ బాలసుబ్రహ్మణ్యం, సినిమాకు పాడటం అదే మొదలు. తర్వాత మరిన్ని అవకాశాలు రావాలంటే ఇతర సంగీత దర్శకులు ఈ కుర్రవాడి గొంతు వినాలి కదా. ఆ రోజుల్లో టేపు ఖరీదైనది, పని అయ్యాక చెరిపేసి మళ్ళీ వాడుకునేవారు. కోదండపాణి స్టూడియో ఇంజనీరును బతిమాలి ఆ టేపును చాలాకాలం చెరపకుండా ఉంచేలా చూశాడని బాలు పలుమార్లు చెప్పుకున్నాడు. ఎవరు వచ్చినా అక్కడే వినిపించేవారట. తర్వాతి రోజుల్లో బాలు మద్రాసులో సొంత రికార్డింగు థియేటర్ కట్టినప్పుడు దానికి పెట్టిన పేరు కోదండపాణి ఆడియో ల్యాబ్స్. 

పెద్ద స్టూడియోల రాజ్యానికి గండికొట్టిన గది కోడంబాకంలోనే ఓ ఇంటి పెరట్లో పుట్టింది. తెలుగు సినిమాల్లో రాజ్-కోటి లాంటి వాళ్ళ దగ్గర కీబోర్డు వాయిస్తూ వచ్చిన దిలీప్ అనే కుర్రవాడు, తర్వాత ఎ.ఆర్. రెహమాన్‌గా మారి, 1989 ప్రాంతంలో ఇంటి వెనక పంచతన్ రికార్డ్ ఇన్ కట్టుకున్నాడు. 1992లో 'రోజా' పాటలు వచ్చాక ఆ శబ్దం ఎక్కడిదని దేశమంతా అడిగింది. అరవైమంది వాద్యగాళ్ళు పట్టే హాలు అక్కర్లేదని, ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, రాత్రివేళ తీరిగ్గా, ఓ చిన్న గదిలో పొరలుపొరలుగా పాటను పేర్చవచ్చని ఆ గది నిరూపించింది. కడపలోని అమీన్ పీర్ దర్గాకు ఏటా వచ్చిపోయే మనిషిగా రెహమాన్ ఈ పక్క జిల్లాల వాళ్ళకు బాగా తెలుసు. ఆయన పాట విని పెరిగి, ఆయనలాగే ఇంట్లో ఓ గది ఉండాలని కలగన్నవాళ్ళు ఊరికొకరు తేలతారు. 1991లో ప్రో టూల్స్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఆ తర్వాతి ఇరవై ఏళ్ళలో, టేపు యంత్రాలు, మిక్సింగు బల్లలు చేసే పనంతా ఓ మామూలు కంప్యూటర్‌లోకి దిగింది.

గది మాత్రం కంప్యూటర్‌లోకి దిగదు.

అనుమసముద్రంపేట సంగతే తీసుకుంటే, ఊరికి పేరు తెచ్చింది 18వ శతాబ్దపు సూఫీ ఖాజా రహమతుల్లా నాయబ్ రసూల్ దర్గా. జబ్బులు నయం కావాలని, మనసు కుదుటపడాలని కులమతాలతో పనిలేకుండా జనం వస్తారు, రోజుల తరబడి అక్కడే ఉండిపోతారు. శుక్రవారాల్లో, గంధ మహోత్సవం రోజుల్లో ఊరు కిటకిటలాడుతుంది. ఆత్మకూరు మీదుగా నెల్లూరు, ముంబయి రహదారి పోతుంది, లారీలు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి. ఇలాంటి చోట ఇంట్లో పాట రికార్డు చేయాలనుకున్నవాడి ముందు రెండు వేర్వేరు పనులుంటాయి. బయటి చప్పుడును లోపలికి రానివ్వకపోవడం ఒకటి. లోపల పుట్టిన గొంతు గోడలకు కొట్టుకుని మళ్ళీ మైకులో పడకుండా చూడటం రెండోది. మొదటిదానికి బరువు కావాలి, రెండోదానికి మెత్తదనం కావాలి. ఒకదానికి వాడే సరుకు రెండోదానికి పనికిరాదు. ఈ రెంటినీ కలగలిపి ఎంతమంది డబ్బు పోగొట్టుకున్నారో! గోడ నిండా ఫోమ్ షీట్లు, గుడ్ల ట్రేలు అంటించి, లారీ హారన్ ఇంకా వినబడుతోందేమిటని తలపట్టుకుంటారు. ఫోమ్ గాలిని ఆపలేదు. గాలి పోయేచోట శబ్దమూ పోతుంది.

ఈ ప్రాంతపు పాత ఇళ్ళు తెలియకుండానే ఈ రెండు పనుల్లో చెరొకటీ చేసేవి. అడుగున్నర, రెండడుగుల మందాన మట్టితోనో రాతితోనో లేపిన మిద్దె గోడ బయటి సందడిని బాగా అడ్డుకునేది. పూరికప్పు బయటి చప్పుడును ఆపలేకపోయినా లోపలి ప్రతిధ్వనిని పీల్చేసేది. పూరింట్లో మాట్లాడితే గొంతు గంటలా మోగకపోవడానికి కారణం అదే. ఈనాటి ఇల్లు రెండూ పోగొట్టుకుంది. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, పైన స్లాబు, కింద టైల్స్, అన్నిటి మీదా నున్నటి సిమెంటు, లప్పం, రంగు.

పది అడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు, పది అడుగుల ఎత్తున్న గదికి సబైన్ లెక్క వేసి చూద్దాం. గది ఘనపరిమాణం దాదాపు 34 ఘనపు మీటర్లు. గోడలు, నేల, కప్పు కలిపి 63 చదరపు మీటర్లు. సిమెంటు, టైల్స్ తమ మీద పడ్డ శబ్దంలో నూటికి మూడు పాళ్ళు పీలిస్తే ఎక్కువ. అంటే ఖాళీ గదిలో చప్పట్లు కొడితే ఆ చప్పుడు పూర్తిగా అణగడానికి మూడు సెకన్ల దాకా పడుతుంది. గొంతు రికార్డు చేయడానికి అది 0.3 సెకన్లకు రావాలి. దానికి 18 చదరపు మీటర్ల కిటికీ తెరిచినంత పీల్చే శక్తి కావాలి. పాత చీరలు పొరలుగా కుట్టిన బొంతలు వేలాడదీస్తే, అవి సగమే పీలుస్తాయనుకున్నా 36 చదరపు మీటర్లు వేయాలి. గది లోపలి ఒంటిలో సగానికి పైగా! అదీ గొంతులోని పై స్వరాలకు. కింది స్వరాలను బొంత పట్టుకోలేదు, వాటికి నాలుగైదు అంగుళాల మందమున్న రాక్‌వూల్ పలకలు, గోడకు కాస్త ఎడంగా, మూలల్లో మరింత మందంగా కావాలి. బూరుగుదూది పరుపు నిలువుగా నిలబెట్టినా కొంతవరకు ఆ పని చేస్తుంది. అంగుళం ఫోమ్ అంటించిన గదిలో పాడితే గొంతులో మెరుపు చచ్చి, బొంగురు మిగులుతుంది. ఫోమ్ పైవాటిని మింగి కిందివాటిని వదిలేయడం వల్ల వచ్చే తంటా అది.

అయితే మొత్తం గదిని మూగదాన్ని చేయడం కూడా మంచిది కాదు. ఆరుబయట గొంతు విసరడం అలవాటైన భజన గాయకుణ్ణి, ఖవ్వాలీ పాడేవాణ్ణి అన్నివైపులా బొంతలు కట్టిన గదిలో నిలబెడితే తన గొంతు తనకే వినబడక బిత్తరపోతాడు, అరుస్తాడు, అలసిపోతాడు. అలాంటి వాళ్ళకోసం ఓ గోడను వదిలేయాలి. అక్కడ ఎగుడుదిగుడుగా చెక్కముక్కలు బిగిస్తే శబ్దం చచ్చిపోకుండా చెల్లాచెదురవుతుంది. చెక్క గరిటెలకు, చెంచాలకు భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఉదయగిరి పనివాళ్ళ చేతికి ఇలాంటి పలకలు చెక్కే పని ఇస్తే ఎంత బాగుంటుందో.

ఇక బయటి చప్పుడు. నాలుగున్నర అంగుళాల గోడకు రెండువైపులా సిమెంటు పూస్తే సుమారు 45 డెసిబెల్లు ఆపుతుంది. గోడ బరువు రెట్టింపు చేసి తొమ్మిదంగుళాలకు పెంచితే అదనంగా వచ్చేది ఐదారు డెసిబెల్లే. అసలు చిల్లు గోడలో ఉండదు. పది అడుగుల చదరపు గోడలో తలుపు పైన ఓ చదరపు అడుగు వెంటిలేటర్ తెరిచి ఉంటే చాలు, గోడ ఎంత మందమైనా మొత్తం మీద ఆగేది 20 డెసిబెల్లే. తలుపు కింద అరంగుళం సందు వదిలితే 29 దాటదు. కాబట్టి ఖర్చు మొదట పెట్టాల్సింది సందుల మీద. వెంటిలేటర్‌ను ఇటుకతో మూసి పూత పూయాలి. తలుపు నిండు చెక్కది కావాలి, చుట్టూ రబ్బరు అంచు, కింద గడప. కిటికీకి రెండో అద్దం, మొదటిదానికి ఎంత ఎడంగా వీలైతే అంత ఎడంగా.

అన్ని సందులూ మూసేశాక నెల్లూరు ఎండ గుర్తుకొస్తుంది. మే నెలలో మూసిన గదిలో పావుగంట నిలబడటం కష్టం. ఫ్యాన్ వేస్తే మైకులో గాలి, ఏసీ వేస్తే దాని మూలుగు. చాలామంది పాట మధ్యలో ఏసీ ఆపి, చరణానికీ చరణానికీ నడుమ మళ్ళీ వేసుకుంటారు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లను హద్దుగా పెట్టి, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లను నిషేధించాయి. గోడలకు అంత ఖర్చు పెట్టలేని వాళ్ళకు ఆ ఎనిమిది గంటలే ఆసరా. గోడ 40 ఆపినా, బయట 60 ఉండే చోట లోపల మిగిలేది 20, గొంతు రికార్డు చేయడానికి అంతకంటే నిశ్శబ్దం అవసరం లేదు.

ఎంత చేసినా లొంగనిది ఒకటుంది: ఇంటి నీళ్ళ మోటారు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, మోటారు మూలిగేది దానికి రెట్టింపు, 100 హెర్ట్జ్ దగ్గర. ఆ శబ్ద తరంగం పొడవు మూడున్నర మీటర్లు. అంత పొడవైన తరంగానికి బొంతలు, ఫోమ్ లెక్కే కాదు. పైగా అది గాల్లోంచి రాదు. సంపు దగ్గరి మోటారు అదురు ఇనుప పైపు వెంట గోడలోకి, గోడ వెంట స్లాబులోకి, స్లాబు నుంచి గదిలోకి వస్తుంది.  పూర్తిగా తప్పించుకోవాలంటే గదిలో గది కట్టాలి, నేలను రబ్బరు దిమ్మల మీద తేల్చాలి, లోపలి గోడ బయటి గోడను ఎక్కడా తాకకూడదు. పెద్ద స్టూడియోలు చేసేది అదే, అది లక్షల పని. ఇంటి గదికి వీలైనది మరొకటుంది: మోటారును గోడకు బిగించకుండా మందపాటి రబ్బరు పలక మీద కూర్చోబెట్టి, ఇనుప పైపు మొదలయ్యే చోట ఓ అడుగు పొడవు రబ్బరు గొట్టం ముక్క కలిపి, పైపు గోడలోకి దూరే రంధ్రం చుట్టూ సిమెంటు తీసేసి మెత్తటి రబ్బరు నింపడం. ప్లంబరు పూటలో చేసే పని అది. అయినా ట్యాంకు నిండే అరగంట పాట ఆపి, మోటారు కట్టేశాకే మళ్ళీ మైకు ముందుకు వెళ్ళేవాళ్ళు ఉన్నారు.